గంట పని

“ఏమున్నదన్నా, కాపీ పేస్టే కదా. గంట పని.”

ఈ మాట అంటున్నప్పుడు తమ్ముడు చాయ్ గ్లాసు కూడా కింద పెట్టలేదు. హనుమకొండలో మా సాహిత్య సంస్థకు ఒక వెబ్‌సైటుంది. పాత హోస్టింగువాడు ఏటేటా కిరాయి పెంచుతున్నాడని, సగం ధరకే వస్తున్న కొత్తచోటికి మారదామనుకున్నాం. ముహూర్తం మేమే పెట్టుకున్నాం: సెప్టెంబర్ 9, కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. పొద్దున సభలో కొత్త సైటును తెర మీద చూపించాలని మా అధ్యక్షులవారి పట్టుదల.

చూపించాం. తెలుగు తప్ప అన్నీ కనిపించాయి.

మామూలుగా ఇల్లు మారాలంటే మనం చేసే తతంగం ఇంతా అంతా కాదు. ఆషాఢం వద్దంటాం, పాలు పొంగిస్తాం, గ్యాసు సిలిండరు ఎవరి బండి మీద వస్తుందో వారం ముందు నుంచి చర్చిస్తాం. పాత ఓనరు అడ్వాన్సులోంచి సున్నాల డబ్బులు కోస్తాడని నెల ముందే కొట్లాటకు సిద్ధమవుతాం. పన్నెండేళ్ల కథలూ కవితలూ ఇల్లు మారేటప్పుడు మాత్రం గంట పని!

ఈ గంటలో తమ్ముడు ఏం చేశాడో చూద్దాం. మొదట ఫైళ్లన్నీ దించి కొత్తచోటికి ఎక్కించాడు. ముందు పేజీ తెరుచుకుంది, చప్పట్లు కొట్టాం. లోపల ఏ లంకె నొక్కినా ‘పేజీ దొరకలేదు’. గడప ఉంది, గదుల్లేవు. లోపలి పేజీలకు దారి చూపించే ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది, చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మామూలుగా కంటికి కనబడవు. కనబడనిది కాపీలోకి రాలేదు. “అది దాక్కుంటదన్నా,” అన్నాడు, తప్పు ఫైలుదే అన్నట్టు.

తర్వాత డేటాబేసు. అరవై ఎంబీల మూట. కొత్తచోట తలుపు రెండు ఎంబీలది. పీహెచ్‌పీ తనంతట తాను పెట్టుకునే కొలత అదే, ఎవరైనా పెంచితే తప్ప పెరగదు. మావాడు మూటను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, రొట్టె తుంచినట్టు తుంచి, ముక్కలు ముక్కలుగా ఎక్కించాడు. ఎక్కడ తుంచాడని అడిగితే “మధ్యలో” అన్నాడు.

ఇక అసలు కథ. ‘తెలుగు’ అన్న మాట మన కంటికి మూడక్షరాలు. యూనికోడు లెక్కలో గుణింతం గుర్తులతో కలిపి ఆరు. దాచేటప్పుడు ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. వీటిని తెలుగుగానే చదవమని డేటాబేసుకు చెప్పాలి. చెప్పకపోతే, అది తనకు తెలిసిన లాటిన్ లెక్కలో ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. అప్పుడు ప్రతి తెలుగు గుర్తు స్థానంలో మొదట నెత్తిన గీతతో ఇంగ్లీషు చిన్న ‘ఏ’ ఒకటి, దాని పక్కన చాలాసార్లు టెంపరేచరు రాసేటప్పుడు పెట్టే చిన్న సున్నా, ఆ పక్కన ఏదో ఒక పురుగు. పేజీ నిండా అదే వరస. సభలో ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన “ఫ్రెంచి అనువాదం కూడా వేసిండ్రా?” అని మెచ్చుకున్నారు.

ఇలా కనిపిస్తే నిజానికి సంతోషించాలి. బైట్లు ఎక్కడికీ పోలేదు, చదివే పద్ధతే తప్పు. తెలిసినవాడు కూర్చుంటే వెనక్కి తేగలడు. మా కథల విభాగం అలాగే బతికింది. కవితల విభాగాన్ని తర్వాత వేరే అతను వేరే డేటాబేసు మీద కట్టాడు. అందులో తెలుగు సరిగ్గానే ఉండేది. దాన్ని బయటికి తీసేటప్పుడు అక్షరాల పద్ధతి ఏదని అడిగే గడిలో ‘లాటిన్’ ఉండిపోయింది. లాటిన్‌లో ‘త’ లేదు. లేనిదాని బదులు యంత్రం ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోతుంది. ‘తెలుగు’కు ఆరు ప్రశ్నార్థకాలు, ‘కాళోజీ’కి ఆరు. రెండూ ఒక్కలాగే ఉంటాయి. కామాలు, ఆశ్చర్యార్థకాలు, పంక్తుల విరుపులు మాత్రం చెక్కుచెదరలేదు. వీటిని తిరగేసి చదివే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

“డీఎన్ఎస్ ప్రాపగేషన్ అయితున్నది సార్, 48 గంటలు ఆగాలె,” అన్నాడు మావాడు సభకు. వెనకటికి శనిదశ అనేవారు, ఇప్పుడు ప్రాపగేషన్ అంటున్నారు. ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నిజానికి దానికీ అక్షరాలకూ సంబంధమే లేదు. సైటు పేరు ఏ సర్వరుకు చెందుతుందో చెప్పే చీటీకి ఒక గడువుంటుంది, సాధారణంగా 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. మారేముందు రోజే దాన్ని 300కు తగ్గిస్తే అయిదు నిమిషాల్లో అంతా కొత్తింటికే వస్తారు. తగ్గించకపోతే కాజీపేటవాళ్లకు కొత్త సైటు, కరీమాబాద్‌వాళ్లకు పాత సైటు. మాకూ అదే అయింది.

వరంగల్‌వాళ్లకు చిరునామాల గురించి ఇంకొకరు చెప్పాలా! 2016 అక్టోబర్ 11న ఒక్క జిల్లా అయిదైంది. 2019లో ములుగు వేరుపడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. అడుగు కదలకుండా ఒక్క ఇంట్లో కూర్చునే మేం మూడు జిల్లాల్లో బతికాం. సైటు మార్చడం దీనికి తలకిందుల పని: చిరునామా కదలదు, ఇల్లు మారుతుంది. తేడా ఏమిటంటే జిల్లాలు మార్చినప్పుడు మా సామాన్లు ఎవరూ ముట్టుకోలేదు.

సామాన్లు ముట్టుకున్న పని ఒకటి మా ఆఫీసుకు నడిచిపోయేంత దూరంలోనే జరిగింది. 1163 నాటి వేయిస్తంభాల గుడి ఎదుట కల్యాణ మండపం కుంగుతోందని పురావస్తు శాఖ విప్పింది. విప్పేముందు రాయి రాయికీ నంబరు వేశారు. అడుగున కాకతీయుల ఇసుక పునాదిని మళ్లీ వేసి, పాడైనవాటి బదులు కొత్త రాళ్లు చెక్కించి నిలబెట్టారు. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు తెరిచేసరికి పదిహేనేళ్లు దాటాయి. ఇంత ఆలస్యమా అని ఊరంతా తిట్టింది. నేను రెండు మాటలు ఎక్కువే తిట్టాను. ఇప్పుడు ఆ నంబర్లే గుర్తొస్తున్నాయి. ఎందుకంటే మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఫోల్డర్ల పేర్లు చూశాను: ‘న్యూ’, ‘న్యూ ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఒరిజినల్ డోంట్ డిలీట్’. చివరిది ఖాళీ.

సరే, పాత హోస్టింగులోంచి మళ్లీ తీద్దామన్నాను.

“అది ఆ రాత్రే క్యాన్సిల్ చేసినన్నా. ఇంకో నెల కిరాయి ఎందుకు దండగ?”

నెల కిరాయి మూడు వందల చిల్లర. పాలు పొంగకముందే పాతింటి తాళం ఇచ్చేసి వచ్చాడు మావాడు. ఇచ్చేసినందుకు శభాష్ అన్నది మా కోశాధికారిగారే, ఆ మాట మినిట్స్‌లో కూడా ఉంది.

ఆ తర్వాత రెండు నెలలు నేనూ, ఇద్దరు డిగ్రీ పిల్లలూ వేబ్యాక్ మెషీన్ ముందు కూర్చున్నాం. ప్రపంచంలోని వెబ్ పేజీలకు ఫొటోలు తీసినట్టు నకళ్లు దాచే అమెరికా గ్రంథాలయం అది. వరంగల్ కవులు శాన్‌ఫ్రాన్సిస్కోలో భద్రంగా ఉన్నారని తెలిసి మురిసిపోయాం. ఒక్కో పేజీ వెతికి, అతికించి, అచ్చుతప్పులు దిద్ది, చాలామటుకు తెచ్చాం. అది దాచని పేజీలు పదకొండు మిగిలాయి.

ఆ పదకొండింట్లో ఒకదాని కవి మొన్న ఆదివారం వచ్చారు. తెర మీద తన కవిత చూసుకున్నారు. నాలుగు పాదాలు, అన్నీ ప్రశ్నార్థకాలు, చివర ఒక ఆశ్చర్యార్థకం. మీ దగ్గర రాతప్రతి ఉంటే ఇవ్వండి సార్, టైపు చేయిస్తానన్నాను.

“డైరీ ఉండె,” అన్నారాయన. “సైటుల ఎక్కింది గదా అని పోయినేడు పాత పేపర్లోనికి తూకానికి ఏసిన.”