దస్తావేజు లేఖరిగారు

సబ్ రిజిస్ట్రారు కచేరీ యెదుట, రేకుల పందిరి క్రింద, మోకాళ్ళకు వాలుబల్ల చేరబెట్టుకొని, ముక్కు కొసకు జారిన కళ్ళజోటి మీదుగా వచ్చినవానిని ఆపాదమస్తకము పరికించి, వాడు కొనువాడా, అమ్మువాడా, లేక సాక్షిసంతకము పెట్టి కాఫీ త్రాగిపోవుటకు వచ్చినవాడా యని ఒక్క చూపుతో తేల్చగల మహానుభావుడే దస్తావేజు లేఖరి. ఈయన మాతృభాష తెలుగేనని జనాభా లెక్కలవారు వ్రాసికొందురు గాని, ఆ విషయమున నాకు సందేహము గలదు.

ఈయన నోట అమ్మకమను మాట పుట్టదు, అది శుద్ధక్రయము. అప్పగించుట దఖలు పరచుట. అనుభవించుట మోకా మీద నుండుట. ఎవరికిని చెందని నేల పోరంబోకు. లోకమునకు సంవత్సరము ఉగాదికో జనవరికో పుట్టును. ఈయనకు మాత్రము, అక్బరు పాదుషా నాటి పంటలెక్కల పుణ్యమా యని, జులై 1వ తేదీన పుట్టును. దానికి ఫసలీ యని పేరు. ఒకమారు వయస్సెంతయని అడుగగా, "ఫసలీ 1358లో పుట్టానండి" అని నిర్వికారముగా సెలవిచ్చిరి. శ్రీనాథుని తరమువాడు కాబోలునని నేను నమస్కరింపబోవుచుండగా, ప్రక్కనున్న స్టాంపు వెండరు జాలిపడి, 590 కలుపుకొమ్మని నా చెవిలో చెప్పెను.

గోలకొండ పాదుషాలు పోయిరి, కుంపిణీ పోయెను, 1984లో కరణీకములును రద్దయ్యెను; వారి మాటలు మాత్రము ఈ వాలుబల్ల మీద నేటికిని కాపురమున్నవి. పారసీకపు దఖలు, అరవదేశపు పోరంబోకు, దొరల నాటి లింకు డాక్యుమెంటు ఒకే వాక్యమున భుజము భుజము రాచుకొని కూర్చుండుట మఱెక్కడ చూడగలము?

ఆ వాక్యములలో నన్ను చిన్ననాట మిక్కిలి కలవరపెట్టినది "వగైరా" యను మాట. మా తాతగారి దస్తావేజులను తిరగవేసినప్పుడెల్ల, తూర్పున ఫలానావారు వగైరాల భూమి, పడమర మఱొకరు వగైరాల భూమి యని చతుస్సీమలయందును ఆ నామధేయమే కనబడుచుండుటచే, మా ఊరి భూకామందులలోకెల్ల పెద్ద ఈ వగైరాగారే యనియు, ఇంత ఆస్తి యుండియు ఒక్కనాడైన బయట కనబడరేమనియు, చాలకాలము వారి దర్శనమునకై నేనెదురుచూచితిని.

ఈయన కుమార్తెను వరంగల్లు వైపు ఇచ్చిరి. అక్కడి వియ్యంకుడును ఈ వృత్తివాడే యగుటచే, పెండ్లినాటి రాత్రి విడిదిలో కేకలు చెలరేగగా, కట్నము దగ్గఱ పేచీ వచ్చినదనుకొని ఆడవారు గుండెలు చేతబట్టుకొని పరుగెత్తి వచ్చిరి. తీరా చూడగా ఇరువురును తాంబూలములు నములుచు, పరమానందముతో, అడంగలు గొప్పదా పహాణీ గొప్పదా యని వాదులాడుకొనుచుండిరి. ఎకరమునకు నూఱు సెంట్లని ఈయన, నలువది గుంటలని ఆయన. ఎటు లెక్కించినను 4,840 చదరపు గజములేయని తెల్లవారుజామున తేలుటతో, ఇరువురును కౌగిలించుకొని నిద్రపోయిరి.

నేనును ఐదు సెంట్ల స్థలము కొనవలసివచ్చినది. చదువుకొన్నవాడనను అహంకారముచే, "ఏమండీ, నా దస్తావేజు మామూలు తెలుగులో వ్రాయరాదా?" అంటిని. ఆయన కోపగింపక, చిత్తు కాగితము తీసి, "ఈ స్థలం మీకు అమ్మాను. డబ్బు ముట్టింది" అని వ్రాసి నా ముందుంచిరి. నాకెంతయో ముచ్చట వేసినది.

"బాగానే ఉందండి బాబుగారూ. మరి గట్టు మీద కొబ్బరిచెట్టు?" అనిరి.

అంతవఱకు బీడీ కాల్చుకొనుచు మౌనముగా నున్న అమ్మకందారుడు చటుక్కున లేచి, "చెట్టు మాదేనండి! చెట్టు మాట ఎవరన్నారు?" అనెను.

"రేపు నుయ్యి తవ్వితే నీళ్ళు?"

"అదీ ఆలోచించాల్సిందేనండి" యని ఆతడు మఱల కూర్చుండెను.

నాకు చెమటలు పట్టినవి. పూర్వము రాజులు అగ్రహారములు ధారపోయునప్పుడు శాసనములయందు చెక్కించిన అష్టభోగములు, నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములను, ఒక్కటియు విడువక నా 242 గజములకును వ్రాయుమనియు, తరువులను సైతము చేర్చుమనియు, వలసినచో పుత్రపౌత్రపారంపర్యమును రెండుమారులు వేయుమనియు ఆయనను బ్రతిమాలుకొంటిని. ఆయన చిఱునవ్వైనను నవ్వక కలము సిరాలో ముంచిరి. కొబ్బరిచెట్టు నాకు దక్కినది.

రెండేండ్లు గడచినవి. నా స్థలమునకు ఉత్తరపు నివేశనము కొన్నవాడు తన దస్తావేజు నకలు తెచ్చి నాకు చూపెను. అక్షరములు మన లేఖరిగారివే. నా పేరెక్కడనున్నదాయని ఆతురతతో హద్దుల దగ్గఱకు పోయితిని. తూర్పున పంచాయితీ రోడ్డు, దక్షిణమున నున్నది కేవలము "వగైరాల స్థలము."