గేరుపెట్టె పద్యద్వయం: టీకా, తాత్పర్యం, విశేషాలు

అవతారిక: ఈ రెండు పద్యాలూ అమెరికాలో ఇంటి గరాజులో, కారు కింద వెల్లకిలా పడుకుని పనిచేసే గృహస్థుల కోసం పుట్టినవి. వృత్తాల జోలికి పోకుండా ఆటవెలదితో సరిపెట్టుకున్నాడు కాబట్టి కవికి టైము తక్కువని తెలుస్తోంది. "ప్రెజరు" అనే మాటను జంకు లేకుండా వాడాడు కాబట్టి చేతులకు నూనె అంటినవాడనీ తెలుస్తోంది.

ప్రతిపాద్య విషయం జనరల్ మోటార్స్ వారి 700ఆర్4 అనే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్. దీని వంశం గొప్పదే. మూలపురుషుడు హైడ్రామాటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అవతరించి, రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకులను కూడా నడిపాడు. మన కథానాయిక 1982లో వచ్చింది. కొర్వెట్‌లో, కమారోలో, షెవర్లే పికప్పుల్లో కాపురం చేసింది. తర్వాత 4ఎల్60 అని పేరు మార్చుకుంది. 1993 నుంచి కంప్యూటర్ అదుపులోకి వెళ్లి 4ఎల్60ఈ అయింది. కవి చెప్పేది పాత రూపం గురించే. కొత్త దాంట్లో కేబుల్ లేదు, మొదటి పద్యానికి ప్రాణం ఆ కేబులే.

మూలం:

గేరు జారెనేని గేరుపెట్టె తొలుత
విప్పబోకు, ముందు ప్రెజరు చూడు;
కాలినట్టి ప్లేటు కారణ మెఱుగక
క్రొత్త వేయ నదియు గూడ గాలు.

ప్రతిపదార్థం: గేరు జారెనేని = ఇంజన్ మోత పెరిగి బండి వేగం మాత్రం పెరగకపోతే; గేరుపెట్టె = ట్రాన్స్‌మిషన్‌ను; తొలుత = శనివారం పొద్దున్నే వచ్చిన ఆవేశంలో; విప్పబోకు = స్పానరు పట్టకు; ముందు = జాకీ ఎత్తకముందే; ప్రెజరు = లోపలి నూనె ఒత్తిడిని; చూడు = గేజి బిగించి చూడు, ఊహించకు; కాలినట్టి ప్లేటు = నల్లబడి పైపొర రాలిన క్లచ్ ప్లేటు యొక్క; కారణము ఎఱుగక = ఎందుకు కాలిందో తెలుసుకోకుండా; క్రొత్త వేయన్ = కొత్తది వేస్తే; అదియున్ కూడన్ = పెట్టిన డబ్బుతో సహా; కాలున్ = కాలుతుంది.

తాత్పర్యం: అరిగిపోయిన ట్రాన్స్‌మిషన్‌కు గట్టి భాగాలు వేయాలనుకునేవాడు, పాతవి ఎందుకు అరిగాయో ముందు తేల్చుకోవాలి.

విశేషం: "తొలుత" అన్నాక మళ్లీ "ముందు" అనడం పునరుక్తి కదా అని ఆక్షేపిస్తారు. దోషం లేదు. కొత్త టూల్‌బాక్స్ కొన్నవాడికి ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి.

ఇక అసలు అర్థం. ఆటోమేటిక్ కారులో కాలితో తొక్కే క్లచ్ ఉండదు గానీ లోపల క్లచ్‌లకు కొదవ లేదు. సూర్యుడు నడుమ, గ్రహాలు చుట్టూ అన్నట్టు పేర్లు పెట్టిన పళ్లచక్రాల కూర్పులు రెండు ఉంటాయి. ఏ చక్రాన్ని ఆపి దేన్ని తిప్పితే ఏ గేరు వస్తుందో నిర్ణయించేవి ఈ క్లచ్‌లూ, చుట్టూ బిగిసే పట్టీ లాంటి ఒక బ్యాండూ. గేరు నిష్పత్తులు ఇవి: మొదటిదానికి 3.06, రెండోదానికి 1.63, మూడోది సరిసమానం, నాలుగోది 0.70. ప్లేట్లను ఒకదానికొకటి అదిమి పట్టేది నూనె ఒత్తిడి. ఒత్తిడి చాలకపోతే ప్లేట్లు పట్టుకోవు, ఒరుసుకుంటాయి. ఒరిపిడి వేడి, వేడి కాలుడు.

మరి ఎంత ఒత్తిడి కావాలో పెట్టెకు ఎవరు చెప్తారు? టీవీ కేబుల్. టెలివిజన్ వారిది కాదు, థ్రాటిల్ వాల్వ్ వారిది. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో ఆ తీగ లోపలి వాల్వుకు కబురు చేరుస్తుంది. ఎక్కువ తొక్కితే ఎక్కువ ఒత్తిడి, తక్కువ తొక్కితే తక్కువ. చాలామంది దీన్ని గేరు ఎప్పుడు మారాలో చెప్పే తీగ మాత్రమే అనుకుంటారు. అందుకే గేరు తొందరగా మారాలని దాన్ని వదులు చేస్తారు. మారడం హాయిగానే ఉంటుంది, ప్లేట్లు మాడుతుంటాయి. ఇంజన్ మీది కార్బురేటర్ మార్చినవాళ్లకు ఈ ఆపద మరీ ఎక్కువ. కొత్త కార్బురేటర్ మీద కేబుల్ తగిలించే చోటు, లాగే కోణం మారిపోతాయి, పెడల్ పూర్తిగా తొక్కినా తీగ పూర్తిగా సాగదు. గేరుపెట్టె కాలితే గేరుపెట్టెను తిడతారు. ఏ పాపం ఎరుగని ఇంకో గేరుపెట్టెను తెచ్చి అదే తీగకు కడతారు.

చికిత్స తేలిక. కేబుల్ దగ్గర ఉన్న చిన్న తాళాన్ని నొక్కి, జారుడు ముక్కను వెనక్కి తోసి, వదిలేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే తీగ కొలత తానే కుదురుకుంటుంది. కేసు పక్కన చిన్న ప్లగ్గు విప్పి గేజి బిగిస్తే ముల్లు సంగతి చెప్తుంది. ఇంత తేలికైన పనిని ఎవరూ ముందు చేయరేమని వ్యాఖ్యాత చాలాకాలం ఆశ్చర్యపోయాడు. ఇందులో కొనడానికి ఏమీ లేకపోవడమే కారణమై ఉండాలి.

మతభేదం: ఇక్కడ రెండు పక్షాలున్నాయి. బలపక్షం వారు "గట్టి ప్లేట్లు, ఎక్కువ ప్లేట్లు వెయ్యి" అంటారు. ఒత్తిడి పక్షం వారు "ఉన్నవాటినే గట్టిగా పట్టించు" అంటారు. ఈ పెట్టెలో తరచూ ముందు కాలేది మూడు-నాలుగు గేర్ల క్లచ్ కట్ట. అందులో మామూలు ఆరు ప్లేట్ల చోట తొమ్మిదిదాకా ఇరికించే కిట్లు దొరుకుతాయి. చోటు పెరగదు కాబట్టి ప్లేట్లు పలచబడాలి. పలచని ఉక్కు ప్లేటు తక్కువ వేడినే మింగగలదు. పైగా కట్టలో సందు బొత్తిగా లేకపోతే క్లచ్ వదిలినప్పుడు కూడా రాసుకుంటూ కాలుతుంది. ఫీలర్ గేజితో ఆ సందు కొలవకుండా ప్లేట్ల లెక్క గొప్పగా చెప్పేవాడి మాట వ్యాఖ్యాతకు సమ్మతం కాదు. షిఫ్ట్ కిట్ ఒత్తిడి పక్షానిది: కొత్త స్ప్రింగులు, నూనె వెళ్లే పలకలో కొన్ని రంధ్రాలు పెద్దవి చేయడం. దాంతో క్లచ్ ఆలస్యం లేకుండా పట్టుకుంటుంది. గేరు మారినప్పుడు నడుముకు తెలుస్తుంది, ప్లేట్లకు మంచిది.

రెండు పక్షాలకూ సమ్మతమైన చేర్పులు రెండున్నాయి. ఒకటి కొర్వెట్ సర్వో. బ్యాండును బిగించే పిస్టన్ అందులో పెద్దది. కేసు విప్పనక్కర్లేదు, కుడిపక్క మూత తీసి మార్చవచ్చు. రెండోది సన్ షెల్, అంటే నడిమి సూర్యచక్రాన్ని తిప్పే గిన్నె. మామూలు షెల్ మెడ దగ్గర పళ్లు అరిగి ఊడిపోవడం ఈ జాతికి పుట్టువ్యాధి. అప్పుడు ఒకటి, మూడు గేర్లు చక్కగా పడతాయి. రెండు, నాలుగు, రివర్స్ మాయమవుతాయి. ముందుకు పోగలదు గానీ వెనక్కి రాలేని కారు పార్కింగ్‌లో ఎంతటి తత్వం బోధిస్తుందో చెప్పనలవి కాదు. పెట్టె ఎలాగూ తెరిచాం కాబట్టి గట్టిపరచిన షెల్ వేయకుండా మూయడం తెలివితక్కువ.

మూలం:

చెత్త లేని బల్ల, చేత నెమ్మదితోడ,
మూడు మార్లు దిగిన మ్రోత వినియె
బోల్టు తిప్పవలయు, పూర్తిగా దిగకున్న
పంపు పగులు, జేబు పగులునన్న!

ప్రతిపదార్థం తేలిక. "అన్న" అనే సంబోధన అనుభవం లేనివాడికి. అనుభవం ఉన్నవాడు ఈ పాటికి పద్యం చదవడం మానేసి పంపు వెతుక్కుంటూ ఉంటాడు.

విశేషం: "చెత్త లేని బల్ల" అన్నది అలంకారం కాదు. నూనెను ఏ క్లచ్ కట్టకు పంపాలో తేల్చే వాల్వ్ బాడీ విప్పి చూస్తే అడ్డంగా కోసిన చీమలపుట్టలా ఉంటుంది, సన్నని దారులు, మలుపులు, అక్కడక్కడ చిన్న బంతులు. ఒక నూలుపోగు చాలు ఒక వాల్వు ఇరుక్కోవడానికి. అందుకే పీచు రాలే పాతగుడ్డలు నిషిద్ధం. బంతుల్నీ వాషర్లనీ చోట్లో నిలపడానికి మామూలు గ్రీజు పనికిరాదు, అది ముద్దకట్టి ఫిల్టరును మూస్తుంది. వాజలీన్ వాడాలి, వేడి నూనెలో కరిగిపోతుంది. కొత్త క్లచ్ ప్లేట్లను అరగంటైనా ట్రాన్స్‌మిషన్ నూనెలో నానబెట్టాలి. కట్ట కూర్చాక దాని నూనెదారిలోకి కంప్రెసర్ గాలి ఊదితే క్లచ్ "థప్" మని పట్టాలి. గాలి బుస్సున కారిపోతే సీలు పెదవి మడతపడిందన్నమాట. ఇక్కడ బద్ధకించినవాడు అదే మాటను కారు రోడ్డెక్కాక వింటాడు.

నూనె గురించి ఒక ముక్క, సందర్భం కాకపోయినా. దీనికి ఎర్ర రంగు వేసేది లీకైతే ఇంజన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి. 1970ల తొలి ఏళ్లదాకా ఇందులో స్పెర్మ్ తిమింగలాల నూనె కలిపేవారు, క్లచ్ మెత్తగా పట్టుకోవడానికి. అమెరికాలో వాటికి చట్టరక్షణ వచ్చాక మానుకున్నారు. పాత బండ్లు అంత సుతిమెత్తగా గేరు మారడంలో సముద్రపు వాటా కూడా ఉందన్నమాట.

"మూడు మార్లు" ఎందుకు? ఇంజన్ తిప్పును నూనె ద్వారా పెట్టెకు అందించే టార్క్ కన్వర్టర్ మూడు చోట్ల అమరాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లకు ఒకటి, స్టేటర్ పళ్లకు ఒకటి, పంపు గాడికి ఒకటి. తిప్పుతూ తోస్తుంటే ఒక్కొక్కటే కుదురుకుని కాస్త లోపలికి దిగుతుంది. రెండింటితో తృప్తిపడి బెల్ హౌసింగ్ బోల్టులు బిగించి దగ్గరికి లాగితే, నడుమ నలిగేది పంపు. గుర్తు ఇది: హౌసింగ్ ఇంజన్‌కు ఆనాక కన్వర్టర్ చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే బోల్టు ముట్టకండి, వెనక్కి లాగి మళ్లీ మొదలుపెట్టండి. పాత కన్వర్టర్‌ను కడిగి వాడదామా అనే ప్రశ్న ప్రతి పాఠకుడూ అడుగుతాడు. కాలిన ప్లేట్ల పొడి, లోహపు రజను అందులో దాక్కుంటాయి. అది వెల్డు చేసిన డబ్బా, ఇంట్లో తెరిచి కడగలేం. మార్చాలి. కూలర్ గొట్టాలను మాత్రం నూనె పారించి శుభ్రం చేయవచ్చు, చేయాలి కూడా.

పూర్వపక్షం: ఇంత తతంగమెందుకు, షాపులో రీబిల్ట్ తెచ్చుకోవచ్చు కదా? తెచ్చుకోవచ్చు. పెట్టె 70 కిలోల బరువు, కారు కింద మనిషి, మీద ఇనుము. ట్రాన్స్‌మిషన్ జాకీ, గట్టి స్టాండ్లు లేనివాడికి ఈ శాస్త్రంలో అధికారం లేదు. ఉత్త జాకీ మీద కారు నిలిపి కిందికి దూరేవాడికి కవి పద్యం రాయలేదు, వ్యాఖ్యాత కూడా టీక రాయడు. అయితే షాపు పెట్టె తెచ్చినవాడూ మొదటి పద్యం తప్పించుకోలేడు, తీగ అతని కారుదే.

మన ఊళ్లలో ఆటోమేటిక్ అని కొంటున్న చిన్నకార్లలో చాలావాటికి ఈ టీక వర్తించదు. 2014లో సెలెరియో కారుతో ఇక్కడికి వచ్చిన ఏఎంటీలో టార్క్ కన్వర్టరూ లేదు, సూర్యగ్రహ చక్రాలూ లేవు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే కాలు బదులు యంత్రం తొక్కుతుంది.

ఈ పద్యాలకు ఫలశ్రుతి లేదు. గ్యారంటీ కూడా లేదు. పని పూర్తయ్యాక కారును చదునైన చోట పార్క్‌లో ఉంచి, ఇంజన్ నడుస్తుండగా, నూనె వేడెక్కాక డిప్‌స్టిక్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు చూసిన కొలత లెక్కలోకి రాదు.