అప్పన్నాన్వేషణ శాస్త్రం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు అనుబంధాలు చెప్పాలని పెద్దల నియమం: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. మన శాస్త్రానికి విషయం అప్పన్న. అనగా తగరపువలసకు అటూ ఇటూ, గోస్తనీ ఒడ్డున, పల్లంలో వరి ఊడ్చి, మెట్టన చోళ్ళు చల్లి, ఎవరికీ చెప్పకుండా చచ్చిపోయిన ముత్తాత. ప్రయోజనం ఏమీ లేదు. ఈ సంగతి ముందే చాటుకోవడం క్షేమం; ఎందుకంటే మనం అప్పన్నను వెతుకుతున్నామని తెలిసిన మర్నాడే పెదనాన్న కొడుకు ఫోన్ చేసి "ఎన్ని సెంట్లు?" అని అడుగుతాడు. సంబంధం రక్తసంబంధమే గాని, రుజువయ్యేదాకా చెల్లదు. ఇక అధికారి, అంటే ఈ విద్యకు అర్హుడు: పింఛను వస్తూ ఉండాలి, మోకాళ్ళు పనిచేస్తూ ఉండాలి, పాత కాగితాల దుమ్ముకు తుమ్ములు రాకూడదు. ఇంకో అధికారి కూడా ఉన్నారు. ఆయన సీట్లో లేరు.

ఈ శాస్త్రానికి విద్వత్సభ తగరపువలస జంక్షన్‌లో ఒక టీకొట్టు బల్ల మీద జరుగుతుంది. సభ్యుల్లో చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడ్డాక తీరిక దొరికిన గుమస్తా ఒకరు, దస్తావేజులు రాసి రాసి వేళ్ళు వంకర పోయిన లేఖరి ఒకరు, రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు. ఎవరి అప్పన్న వారికున్నాడు. చిక్కంతా అక్కడే. సింహాద్రి అప్పన్న దయవల్ల ఈ చుట్టుపక్కల ఏ ఊరి అడంగలు తెరిచి కళ్ళు మూసుకుని వేలు పెట్టినా, అది అప్పన్న మీదో అప్పలస్వామి మీదో అప్పలనాయుడి మీదో పడుతుంది. తప్పిపోతే సింహాచలం మీద పడుతుంది. మా పరిశోధనలో భాగంగా ఒక పెద్దాయన్ని "తాతా, మీ తాతగారి పేరేమిటి?" అని అడిగితే, "అప్పన్నే బాబూ. మా తాతా అప్పన్నే, మీ తాతా అప్పన్నే. నీకే అప్పన్న కావాలో సెప్పు" అన్నాడు. శాస్త్రానికి ఇంతకంటే శుద్ధమైన పూర్వపక్షం దొరకదు.

దీని మీద మరో గ్రంథి. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆచారం. కాబట్టి అప్పన్న కొడుకు సూరి, సూరి కొడుకు అప్పన్న, ఆ అప్పన్న కొడుకు మళ్ళీ సూరి. ఏతం మాను లేచి దిగినట్టు వంశమంతా రెండే పేర్లు. "అప్పన్న తండ్రి సూరి" అని రికార్డులో కనబడితే అతను మన తాతా, తాతకు తాతా అన్నది దేవుడికి తెలియాలి. పైగా పట్టాదారు పోయినా పేరు మార్పించకపోవడం మనవాళ్ళకు అలవాటు. ఎప్పుడో కట్టెల్లో కాలిపోయినవాడు అడంగల్లో ఏటేటా వరి పండిస్తూనే ఉంటాడు. రెవెన్యూ లెక్కల్లో చావు ఐచ్ఛిక విషయం.

కాలనిర్ణయం ఇంకా ప్రమాదకరం. మా సభలోకి కొత్తగా చేరిన ఒక యువకుడు ఒకనాడు శిస్తు రసీదు పట్టుకుని వణుకుతూ వచ్చాడు. దాని మీద 1358 అని ఉంది. తన పూర్వీకుడు గాంగరాజుల కాలంలో శిస్తు కట్టాడని, కొండవీటి రెడ్లకు సమకాలికుడని అతని నిర్ధారణ. లేఖరిగారు టీగ్లాసు కింద పెట్టి, అది ఫసలీ బాబూ అన్నారు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది; లెక్క జూలైతో మొదలవుతుంది. అంటే 1948–49. కుర్రవాడు ఒక్క గుక్కలో ఆరు శతాబ్దాలు పోగొట్టుకున్నాడు.

కాని ఆ కుర్రవాడి చేతికి 1948 రావడం కాకతాళీయం కాదని మా మాస్టారి వాదం. దానికి కారణం వెతికితే శాస్త్రం మొత్తం బయటపడుతుంది. 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత బందోబస్తు వచ్చింది. కంపెనీకి కావలసింది పేష్కషు, ఇచ్చేవాడు జమీందారు. అందుచేత కంపెనీ జమీందారు పేరు రాసుకుని నిద్రపోయింది. ఈ ప్రాంతంలో చాలా భాగం విజయనగరం సంస్థానం కిందిది. అప్పన్న పేరు కావలసినవాడు ఠాణాలో ఉండే సంస్థానం ఉద్యోగి, రాసినవాడు ఊరి కరణం. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగుహక్కు ఉందని ఒప్పుకుంది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, సెటిల్మెంటు సిబ్బంది గొలుసులు పట్టుకుని పొలాల్లోకి దిగాక గాని సర్కారుకు అప్పన్న ముఖాముఖి తగల్లేదు. ప్రభుత్వం దృష్టిలో అతను అరవయ్యో ఏట పుట్టాడు.

దీన్నిబట్టి ప్రథమ సూత్రం: అడిగేవాడుంటేనే రాసేవాడుంటాడు.

ఈ సూత్రానికి ఎన్ని ఉదాహరణలైనా ఇవ్వొచ్చు. 1860 ప్రాంతంలో ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలు విచారించింది. మాన్యం ఎవరిచ్చారు, ఎవరు అనుభవిస్తున్నారు, అతని వయసెంత, వారసులెవరు అని రిజిస్టర్లకెక్కించింది. ఫలితంగా ఊరి పురోహితుడి మనవడికి, మంగలి మనవడికి, చాకలి మనవడికి ముత్తాతల వివరాలు దొరికే వీలుంది. అందరికీ తిండి పెట్టిన జిరాయితీ రైతు మనవడికి లేదు. శిస్తు కట్టనివాళ్ళ చరిత్ర భద్రంగా ఉంది, కట్టినవాడిది గల్లంతు. భీమిలి వెళ్ళండి. రెండు మూడు వందల ఏళ్ళ కింద వర్తకానికొచ్చి జ్వరమొచ్చి పోయిన డచ్చివారికి చెక్కిన రాళ్ళున్నాయి. వాళ్ళకు బియ్యం అమ్మినవాడి పేరు ఇసుకకే తెలియాలి. ఇంగ్లండులోనైతే 1538 నుంచీ చర్చిల్లో బారసాల, పెళ్ళి, చావు రాసే ఏర్పాటుంది. అక్కడి పాలేరు కూడా పుస్తకం ప్రకారం పుట్టి, పుస్తకం ప్రకారం పోయాడు. మనకు జనాభా లెక్కలు 1871 నుంచీ ఉన్నాయి గాని, ఇంటింటి కాగితాలు లెక్క తేలాక ఉంచలేదు. అప్పన్నను లెక్కపెట్టారు, కూడారు, పారేశారు.

కాగితమే లేనప్పుడు ప్రమాణమేమిటి? నైయాయికులు నాలుగు ప్రమాణాలతో సరిపెట్టుకున్నారు, మాకవి చాలవు. శబ్దప్రమాణం అంటే మామ్మ మాట. అది గొప్పదే గాని, పద్మనాభం వైపు వెళ్ళేసరికి బలహీనపడుతుంది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చినవిజయరామరాజు నేలకొరిగారు. ఆ దరిదాపుల ఏ ఇంట్లో అడిగినా వాళ్ళ ముత్తాతకు తాత రాజుగారి కుడిపక్కన కత్తి పట్టుకుని నిలబడ్డాడు. అందరూ అలా కుడిపక్కనే నిలబడి ఉంటే కంపెనీ ఆ రోజే ఓడెక్కేది. ఉపమానం కూడా మాకు అచ్చిరాలేదు. ముక్కుపోలికను సాక్ష్యంగా తీసుకురాబోయిన సభ్యుడికి, ఆ ముక్కు సగం భీమిలి తాలూకాకు ఉందని గుర్తుచేయాల్సివచ్చింది.

మీమాంసకులు ఒప్పుకున్న అనుపలబ్ధి మాత్రం మాకు చింతామణి. కుండ కనబడకపోవడమే కుండ లేదనడానికి రుజువని వాళ్ళంటారు. మేం ఒక మెట్టు పైకెక్కాం: అప్పన్న కనబడకపోవడం అప్పన్న మంచివాడనడానికి రుజువు. అప్పు చేయలేదు కాబట్టి తాకట్టు పత్రం లేదు. గట్టు జరపలేదు కాబట్టి దావా లేదు. శిస్తు ఎగ్గొట్టలేదు కాబట్టి జప్తు నోటీసు లేదు. అన్నదమ్ములతో కలిసి ఒకే పొయ్యి మీద వండుకున్నాడు కాబట్టి విభాగ పత్రం లేదు. అంతటి సత్పురుషుణ్ణి కన్న వంశానికి వంశవృక్షం ఉండదు.

దీనికి విపర్యయమే కలహసిద్ధాంతం, ఈ శాస్త్రానికి గుండెకాయ. ఆస్తి పంపకం దావా వేయాలంటే అర్జీతో పాటు వంశవృక్షం పెట్టాలి. మూలపురుషుడు ఎవరు, అతనికెందరు కొడుకులు, ఎవరు నిస్సంతుగా పోయారు, ఎవరు దత్తు వెళ్ళారు అన్నీ గీసి చూపించాలి. వాది ఒక చెట్టు గీస్తాడు. ప్రతివాది అందులో రెండు కొమ్మలు నరికి ఇంకోటి గీస్తాడు. సాక్షులు బోనెక్కి ఇద్దరి ముత్తాతల గురించీ ప్రమాణం చేసి చెబుతారు. జడ్జిగారు కూర్చుని ఏ కొమ్మ నిజమో తేలుస్తారు. ఇంత శ్రద్ధగా, స్టాంపు డ్యూటీ కట్టి మరీ వంశచరిత్ర రాసిన పండితుడు లోకంలో లేడు. మా సభలో జూట్ మిల్లు గుమస్తాగారికి ఏడు తరాల వరకు ఆధారాలున్నాయి. వాళ్ళది తరతరాలుగా తగవులమారి కుటుంబం. మా అందరికీ ఆయనంటే అసూయ.

ఆయన ఇంట్లోనే ఒక పత్రం చూశాం. జార్జి చక్రవర్తి బొమ్మ స్టాంపు కాగితం, మడతల దగ్గర చిరిగి అంబలి జిగురుతో అతికింది. కింద ఎడమ బొటనవేలి ముద్ర, పక్కన "అప్పన్న నిశాని" అని లేఖరి రాత. ముద్రలో గీతలన్నిటినీ అడ్డంగా కోస్తూ సన్నని తెల్లటి చార. కొడవలి తెగిన గాయమని మాస్టారు. కాగితం మడతని లేఖరి. ఆ చార గురించి ఆ సాయంత్రమంతా వాదించుకున్నాం. నా తీర్పు మాత్రం కొడవలికే. మడత అయితే సిరా రెండు పక్కలా సమంగా ఆగదు.

కలహం తర్వాత రికార్డుకు అంత మేలు చేసేది భూమి పోవడం. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దానికోసం 64 ఊళ్ళు కదిలాయి. తరాల తరబడి ఒక్క కాగితంలోనూ సరిగ్గా పడని రైతు, భూసేకరణ అవార్డులో తండ్రి పేరుతో, సర్వే నంబరుతో, నుయ్యితో, తాడిచెట్లతో సహా పడ్డాడు. ఇచ్చేటప్పుడు ఒక్కొక్క చెట్టూ లెక్కపెడతారు కాబట్టి, ముత్తాత నాటిన జీడిమామిడి కూడా చరిత్రకెక్కింది. చెట్టు కొట్టేశాక.

అంతకంటే విచిత్రం ఓడెక్కినవాళ్ళ సంగతి. 1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా, లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందం మీద నేటాల్ వెళ్ళారు. వాళ్ళలో మన జిల్లావాళ్ళూ ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో మనిషికో నంబరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, చివరికి ఒంటిమీద గుర్తులు కూడా రాశారు. చెరుకుతోట దొర సరుకు సరిచూసుకోవాలి కదా. కాబట్టి ఇద్దరన్నదమ్ముల్లో పొలం దున్నుకుంటూ ఉండిపోయినవాడు మాయమయ్యాడు. కరువుకు తాళలేక వెళ్ళిపోయినవాడికి చెంపమీద మచ్చతో సహా చరిత్ర ఉంది. అక్కడ అప్పలసామి అన్న ఒంటిపేరు మనవలకు ఇంటిపేరైంది. డర్బన్‌లోని వాళ్ళ మునిమనవడు ఊరిపేరు పట్టుకుని ఇక్కడికొస్తే, అతని చేతిలో ఉన్నన్ని కాగితాలు ఇక్కడున్న దాయాదుల చేతిలో ఉండవు.

ముత్తవ్వల విషయంలో శాస్త్రం ఇంకా గర్భస్థం. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు ఆమె పేరు కాగితం మీదికి రావాలంటే భర్త పోవాలి, బావలో మరుదులో మనోవర్తి ఎగ్గొట్టాలి, ఆమె కోర్టుకెక్కాలి. లేదా పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఓ మడిచెక్క రాసి ఇచ్చి ఉండాలి. మా దగ్గరున్న వంశవృక్షాలన్నీ మగవాళ్ళు మగవాళ్ళను కన్నట్టే ఉన్నాయి. జీవశాస్త్రజ్ఞులు ఈ సంగతి గమనించవలసి ఉంది.

క్షేత్ర పరిశోధకుడికి మరో రెండు హెచ్చరికలు. ముత్తాత ఊరు కదలకపోయినా జిల్లా కదులుతుంది. ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలోంచి 1936లో కోరాపుట్ ఒరిస్సాకు పోయింది, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. ఏ ఆఫీసుకు వెళ్ళినా "ఆ కట్ట అటు పంపేశాం" అంటారు. అటు వెళితే "ఇంకా రాలేదు" అంటారు. రెండోది 1984. ఆ ఏడు జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. అప్పగించిన లెక్కలు అప్పగించగా, మిగిలినవి అటకెక్కాయి. అప్పన్న చిరునామా తాలూకా ఆఫీసులోనా, ఎవరి అటక మీదనా అన్నది చెదలు తేల్చవలసిన విషయం.

దొరికినా అది పేరే కానక్కరలేదు. రాష్ట్రంలో రీసెటిల్మెంటు రిజిస్టర్లు రాసిన కాలంలో, హక్కుదారు ఎవరో తేలని చోట గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. వాటికి చుక్కల భూములని పేరు. ఆ చుక్కలు తీయడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చింది. ఇలాంటి గడి ముందు కూర్చున్న పరిశోధకుడు, ఈ చుక్కల్లో మా తాత ఏది అని అడగకూడదు. అందరూ ఉన్నారు.

చివరగా, ఇన్నేళ్ళ మా కృషిలో నిజంగా పనికొచ్చిన ఒకే ఒక్క ఉపాయం చెబుతాను. మీ ముత్తాత మీ దస్తావేజులో దొరకడు. పక్కవాడి దస్తావేజులో దొరుకుతాడు. ఏ పాత అమ్మకపు పత్రమైనా తిప్పి చూడండి, హద్దుల పేరా ఉంటుంది: తూర్పు గెడ్డ, దక్షిణం పుంత, పడమర ఫలానా సూరి కొడుకు అప్పన్న జిరాయితీ పల్లం, ఉత్తరం చెరువు గట్టు. కొన్నవాడూ అమ్మినవాడూ కాని అప్పన్న, ఎవరి జోలికీ పోని అప్పన్న, పడమటి హద్దుగా నిలబడి ఉంటాడు. కనుక మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న పాత కాగితాలను తూకానికి వేయకండి; వాటిలో ఉన్నది పక్కింటివాళ్ళ ముత్తాత. మీవాడు వాళ్ళ పెట్టెలో ఉన్నాడు. వెళ్ళి అడగండి. వెళ్ళేటప్పుడు మీ పత్రం జిరాక్సు పట్టుకెళ్ళి ముందు అది వాళ్ళ చేతిలో పెట్టండి. ఉత్త చేతులతో వెళ్ళి హద్దుల మాటెత్తితే గట్టు తగవుకు వచ్చారనుకుంటారు.