ఉస్కార దీపిక

మూలము
“నానేటన్నాను? ఉస్ అన్నాను. అంతే కదేటి!”

అవతారిక
భీమునిపట్నంలో గోస్తని సముద్రంలో కలిసే వైపు, పడవలు లాగిపెట్టిన ఇసుకలో ఒక ఉదయం పుట్టిన వాక్యమిది. వక్త, పడవ నీడన చుట్ట కాల్చుకుంటున్న ఒక తాత. శ్రోత, తట్ట బోర్లాపడి, చందువా ఒకటి కుక్క నోట పోగా, కొంగు నడుముకు బిగించిన చేపలావిడ. ఆవిడ వైపు నుంచి చూస్తే రౌద్రరసం, చుట్టూ మూగిన మావైపు నుంచి హాస్యం. కుక్క వైపు ఏ రసమో అడుగుదామంటే అది అప్పటికే కనుచూపు దాటిపోయింది.

ప్రతిపదార్థము
నాను = నేను, అనగా ఈ గొడవతో ఏ సంబంధమూ లేని నేను; ఏటి = ఏమి; అన్నాను = పలికితిని (రూపమునకు ప్రశ్నయే గాని, జవాబు చెప్పబోయినవాడు తిట్లు తినును); ఉస్ = పెదవులు సున్నా చుట్టి, పళ్ల సందున గాలి వదలగా పుట్టునట్టిదియు, మనుష్యులకు అర్థము లేనిదియు, కుక్కకు మిక్కిలి అర్థమగునట్టిదియు నగు శబ్దము; అంతే = దీని తరువాత జరిగినదేదియు నా పద్దున వ్రాయరాదు; కదేటి = ఔనని మీరే ఒప్పుకొనుడు.

వ్యాకరణము
తాత చేసిన పనికి తెలుగులో పేరు ఉసిగొలపడం. ఉసి, కొలుపు కలిస్తే గసడదవాదేశం వచ్చి ‘కొ’ కాస్తా ‘గొ’ అయింది. ఈ క్రియలో మెత్తబడేది ఆ ఒక్క అక్షరమే. కొను ధాతువుకు ప్రేరణరూపం కొలుపు. మేలుకొనేవాణ్ణి మేలుకొలుపుతాం, పురికొనేవాణ్ణి పురికొలుపుతాం. కోవెలలో దేవుణ్ణి లేపేదీ, ఒడ్డున కుక్కను లేపేదీ ఒకే కొలుపు.

పర్యాయపదాలున్నాయి కదా, ఇదే ఎందుకు అంటారేమో. ఎగదోయడం పొయ్యి దగ్గరి మాట. కట్టె లోపలికి తోసేవాడి చేతికి సెగ తగులుతుంది. పురికొలపడంలో తాడు పేనే పని వినిపిస్తుంది నాకు. పురి ఎక్కించేవాడి అరచేతులు ఒరుసుకుపోతాయి. గిల్లాలంటే వేలు కావాలి, ఎదుటివాడికి అందేంత దగ్గరికి పోవాలి. పుల్లలు పెట్టేవాడైనా కనీసం ఆ ఇంటికీ ఈ ఇంటికీ నాలుగడుగులు నడుస్తాడు. ఉసిగొలిపేవాడు మాత్రం కూర్చున్నచోటి నుంచి కదలడు. చుట్ట కూడా ఆరదు. తాత పాండిత్యమంతా అక్కడుంది.

పూర్వపక్షము
బస్సు కోసం నిలబడ్డ ఒక మాస్టారు ఇక్కడ అడ్డం వచ్చారు. “ఇది భీముడి పేరున్న ఊరు. పావురాళ్లకొండ మీద నరసింహస్వామిని ఆయనే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఆ భీముణ్ణి ద్రౌపది ఉసిగొలపలేదా? మరి తాతనొక్కణ్ణే అంటారేం?”

సిద్ధాంతము
ఉసిగొలపలేదు. విరాటపర్వం చూడండి. కొలువులో కీచకుడి చేత తన్నులు తిన్నది ద్రౌపది. ఆ రాత్రి వంటశాలకు వెళ్లి, నిద్రపోతున్న వలలుణ్ణి, అంటే వంటవాడి వేషంలో ఉన్న భీముణ్ణి, లేపింది. గంధం తీసి తీసి కాయలు కాచిన చేతులు చూపింది. భీముడు ఆ చేతులు మొహానికి ఆనించుకుని ఏడ్చాడు. ముందు మేలుకొలుపు, వెనక పురికొలుపు, రెండూ ఒకే రాత్రి. దెబ్బ తిన్న మనిషి తన దెబ్బ చూపించి లేపితే అది ఉసి కాదు. తాతకు ఏం దెబ్బ తగిలింది? నిన్న సాయంత్రం బేరం కుదరక ఆవిడ చేప ఇవ్వలేదట. అదీ ఆవిడ చెప్తేనే తెలిసింది.

ధర్మశాస్త్ర చర్చ
వర్గాల మధ్య వైరం రెచ్చగొడితే శిక్ష వేసే సెక్షన్ భారత శిక్షాస్మృతిలో 153ఏ, 1898లో చేరింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 196. మాటతో, రాతతో, సైగతో, కంటికి కనిపించే బొమ్మతో అని వరసపెట్టి చెప్పి, చివర మరే విధంగానైనా అని ఒక గొళ్లెం వేశారు. ‘ఉస్’ మాట కాదు, రాత కాదు, సైగ అసలే కాదు. ఆ గొళ్లెం వేసినవాడు ఏదో ఒక ఒడ్డున ఇలాంటి తాతను చూసే ఉంటాడని నా అనుమానం. అయితే కుక్కనూ చేపలావిడనూ రెండు వర్గాలని వాదించడం కష్టం కనుక తాత బతికిపోయాడు.

తాత్పర్యము
చందువా ఖరీదు ఇవ్వను.

పాఠాంతరము
తట్ట ఎత్తి, ఇసుక కడిగి ఆవిడ వెళ్లిపోయాక తాత నన్ను పిలిచి మూలాన్ని సవరించాడు. “ఉస్ కాదు బావు, ఉష్షన్నాను. కాకిని తోలడానికి.” అప్పుడు ఆ తట్ట మీద కాకి ఉన్నట్టు ఏ ప్రతిలోనూ కనబడదు.