టెస్టులకు పేర్లు పెట్టే పద్ధతి: అరకు పాఠం

అరకు కాఫీ కొనుగోలు లెక్కలు కట్టే ప్రోగ్రాంకి మీ టీము టెస్టులు రాస్తోందనుకుందాం. టెస్టు ఎవరైనా రాస్తారు. ఆర్నెల్ల తర్వాత రాసినవాడికే అర్థం కాకుండా పేరు పెట్టడంలోనే పనితనమంతా ఉంది.

మొదట ఒక వేరియబుల్‌కి 'అరకు' అని పెట్టి వదిలేయండి. మండలమా, అసెంబ్లీ స్థానమా, లోక్‌సభ స్థానమా అన్నది చదివేవాడి అదృష్టం. లోక్‌సభ అనుకున్నాడా, ఎక్కడో ఉన్న పాలకొండా, రంపచోడవరమూ కూడా వచ్చి కాఫీ లెక్కలో కూర్చుంటాయి. జిల్లాకు మాత్రం రెండు పేర్లూ ఉంచండి: 2022 ఏప్రిల్ 4కి ముందు రాసిన ఫైళ్లలో విశాఖపట్నం, తర్వాతివాటిలో అల్లూరి సీతారామరాజు. పాతవాటిని సరిచేస్తే చరిత్రను చెరిపినవాళ్లమవుతాం.

ఇక 'చెర్రీ_ధర' అనే ఫంక్షన్. ఇది నాకు మహా ఇష్టమైన పేరు. కొమ్మ మీది ఎర్రటి పండూ చెర్రీయే, ఆ పండును తొక్కతో సహా ఎండబెడితే వచ్చే సరుకూ చెర్రీయే. (గుజ్జు తీసి, కడిగి ఎండబెడితే మాత్రం పార్చ్‌మెంట్ అంటారు. దీన్ని మార్చలేం, దురదృష్టం.) పండు ఎండితే బరువు సగానికి పైగా తగ్గుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు పచ్చి పండు బరువు ఇస్తే, మీ ఫంక్షన్ ఎండు సరుకు ధర కట్టేస్తుంది. టెస్టు రాసినవాడూ అదే పొరపాటు పడి ఉంటాడు కనుక పాసవుతుంది కూడా. 'పచ్చి_పండు_ధర' అని మార్చమనేవాణ్ణి రైతు వ్యతిరేకి అనండి, నోరెత్తడు.

ఒకే వస్తువుకు రెండు పేర్లు పెట్టడం చేతకాకపోతే సాలూరు అవతల, ఒడిశా సరిహద్దులోని కొటియా కొండలకు వెళ్లండి. అక్కడి 21 గ్రామాలు ఎవరివన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లి, మా ఊళ్ల పేర్లు మార్చేశారని కూడా చెప్పుకుంది. వాళ్ల గంజేయిపదర్ మన గంజాయిభద్ర, వాళ్ల ఫట్టుసినేరి మన పట్టుచెన్నేరు. అక్కడివాళ్లలో చాలామందికి రెండు వైపుల రేషన్ కార్డులూ ఉన్నాయి. వాళ్లకైతే రెండో పేరు నాలుగు గింజలు పెడుతుంది. మీ కోడ్‌లో ఒకరు 'ఊరు' అనీ, ఒకరు 'గ్రామం' అనీ, ఇంకొకరు 'విలేజ్' అనీ రాస్తే ఆ నాలుగు గింజలూ రావు. అయినా రాయండి.

ఇదంతా తప్పేమో అని మనసు పీకితే పెద్దలను తలచుకోండి. మాటల మధ్య అండర్‌స్కోరు పెట్టి చిన్న అక్షరాల్లో రాయమని పైథాన్ శైలీ నియమాలు చెబుతాయి. ఆ పైథాన్‌తోనే వచ్చే యూనిట్‌టెస్ట్ మాత్రం జావా చుట్టాల పోలికతో రెండో మాటను పెద్ద అక్షరంతో మొదలుపెడుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందులో 'అసర్ట్‌ఈక్వల్'కు చివర ఎస్ తగిలించుకున్న కవల కూడా ఒకటి ఉండేది. వాడొద్దని చెప్పాక కూడా పదేళ్లకు పైగా బతికి, 2023లో పైథాన్ 3.12తో పోయింది. జావాలో జేయూనిట్ రావలసిన విలువను ముందు అడుగుతుంది, టెస్ట్‌ఎన్‌జీ వచ్చిన విలువను ముందు అడుగుతుంది. రెండూ ఒకే ప్రాజెక్టులో వాడితే, టెస్టు తప్పిన రోజున తప్పెవరిదో కూడా తిరగబడి కనిపిస్తుంది.

ఊళ్ల పేర్లే టెస్టులకు పెట్టేవారికి కొత్తవలసను సిఫారసు చేస్తాను. కిరండూల్ రైలు మార్గం మొదలయ్యే కొత్తవలస కొండ కింద ఉంది, అరకు మండలంలో మరో కొత్తవలస ఉంది. రెంటికీ 'టెస్ట్_కొత్తవలస' అని ఒకే ఫైల్లో రాయండి. పైథాన్ చప్పుడు చేయకుండా మొదటిదాన్ని తీసేసి రెండోదాన్నే ఉంచుకుంటుంది.

ఎప్పటికీ ఫెయిలవని టెస్టే కావాలంటే పైటెస్ట్ వాడి, ఫంక్షన్ పేరును 'టెస్ట్'తో కాక 'చెక్'తో మొదలుపెట్టండి. మామూలు అమరికలో పైటెస్ట్ దాని వైపు కన్నెత్తి కూడా చూడదు. ఎన్ని టెస్టులు రాశారని మేనేజర్ అడిగితే ఫైల్లో ఉన్న ఫంక్షన్లు లెక్కపెట్టి చెప్పండి. నడిచినవెన్నో చూపించే ఆ చివరి వరుసను మాత్రం స్క్రీన్‌షాట్‌లోకి రానివ్వకండి.