పాత లుంగీతో రావద్దు!

తెనాలిలో రేపల్లె బండెక్కామంటే, దిగేలోపు ఏదో ఒక ప్రపంచ సమస్య తేలిపోవాల్సిందే. ఆంధ్రా ప్యారిస్‌లో బయల్దేరే బండి మరి! పైగా 2022 ఏప్రిల్‌లో రేపల్లెని బాపట్ల జిల్లాలో కలిపి, తెనాలిని గుంటూరుకే ఉంచేశాక ఇది సరిహద్దులు దాటే సర్వీసు కూడా అయింది.

మొన్నటి అంశం మాల్దీవులు మన సైనికుల్ని పొమ్మనడం.

‘‘ఎంతమందిని పొమ్మన్నారేం?’’ రొయ్యల చెరువు బాబాయి అడిగాడు.

‘‘ఎనభై మంది దాకా.’’

‘‘అంతేనా! ఈ పెట్టెలో నిలబడ్డవాళ్లే అంతకన్నా ఎక్కువున్నారు. వీళ్లని దింపేస్తే దౌత్య సంక్షోభం వస్తుందా?’’

రాదు బాబాయ్, కూర్చోడానికి చోటొస్తుంది.

అక్కడ మాత్రం వచ్చింది. ‘ఇండియా అవుట్’ ఊపు మీద ముయిజ్జు 2023 నవంబరులో అధ్యక్షుడయ్యారు. మనవాళ్లు అక్కడ చేస్తున్న ఘోరమల్లా రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం నడుపుతూ దీవుల్లోని రోగుల్ని ఆస్పత్రికి చేర్చడం. 2024 మే 10 గడువు పెట్టారు. సైనికులొచ్చేశారు, వాళ్ల బదులు మన సివిలియన్ నిపుణులు వెళ్లారు. అవే రెక్కలు, అవే ఇంజన్లు, ప్యాంటు రంగే వేరు. సైనికులిటు కదిలారో లేదో, ఆ విమానాలు నడపగలిగినవాళ్లు మా సైన్యంలో లేరని అక్కడి రక్షణ మంత్రి ఘస్సాన్ మౌమూన్ ఒప్పుకున్నారు.

అంతకుముందు జనవరిలో ‘బాయ్‌కాట్ మాల్దీవ్స్’ అంటూ మావాళ్లు ఫోన్లలో ఊగిపోయారు. టిక్కెట్టు ధర చూసి ఎప్పుడో బాయ్‌కాట్ చేసినవాళ్లే! ఆదివారం సూర్యలంకలో మునిగి దేశభక్తి తీర్చుకున్నారు.

‘‘లంకకీ సైన్యాన్ని పంపాం కదండీ,’’ అన్నాడు కిటికీ పక్కనున్న పెద్దాయన. 1990 మార్చి 24న ట్రింకోమలీలో మన చివరి దళాలు ఓడెక్కేనాటికి దాదాపు 1,200 మంది ప్రాణాలు అక్కడే పోయాయి. వచ్చినవాళ్లకి మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. పెట్టెలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

బాబాయే అందుకున్నాడు. ‘‘నేనూ ఏరేటర్లు చూసే కుర్రాణ్ణి కోపమొచ్చి పొమ్మన్నా. తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలాయి. మళ్లీ వాణ్ణే పిలిచి, పాత లుంగీతో మాత్రం రావద్దన్నా. నా మాటా నెగ్గాలిగా!’’

ముయిజ్జు కూడా 2024 అక్టోబరులో ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందంతో వెళ్లారని చెప్పాను.

రేపల్లెలో దిగబోతూ బాబాయి గొంతు తగ్గించాడు. ‘‘మొన్న మేతకి డబ్బు చాలక ఆ కుర్రాణ్ణే అడిగా. ఇచ్చాడు. పాత లుంగీ కట్టుకొచ్చి మరీ ఇచ్చాడు.’’