శకటవిక్రయ ప్రకరణానికి టీకా తాత్పర్యం

మూలం: "కుటుంబం పెరుగుతున్న శుభ సందర్భంగా, బరువెక్కిన మనసుతో, మా లగ్జరీ సెడాన్‌ను అమ్ముతున్నాము. ఎనిమిది నెలల బండి. ఒకే ఓనరు, క్లీన్ టైటిల్, లేడీ డ్రివెన్, గరాజులోనే ఉంచినది. ప్లెయిన్స్‌బరోలో చూసుకోవచ్చు. సీరియస్ బయ్యర్స్ మాత్రమే. తక్కువ బేరాలు వద్దు."

అవతారిక. మెతుకుసీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి, చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికని తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మా అవస్థ దానికి తలకిందులు. ఇక్కడ మూలం నిక్షేపంగా ఉంది, మూర్ఛపోతున్నది చదివేవాళ్లు. ఈ ప్రకరణానికి కర్త ఫలానా అని చెప్పడానికి లేదు. న్యూజెర్సీలో రూట్ వన్ పొడవునా తెలుగువాళ్లున్న ప్రతిచోటా ఎవరో ఒకరు దీన్ని రాస్తూనే ఉంటారు. బండి పేరు మారుతుంది, ధర మారుతుంది, పాఠం మాత్రం అక్షరం మారదు. కనుక దీన్ని అపౌరుషేయమనడమే న్యాయం. 'అమ్ముతున్నాము' సుగమం. 'చూసుకోవచ్చు' స్పష్టం. వాటి జోలికి పోము.

ప్లెయిన్స్‌బరోలో. మిడిల్‌సెక్స్ కౌంటీలో, ప్రిన్స్‌టన్‌ను ఆనుకుని ఉన్న టౌన్‌షిప్. ప్రిన్స్‌టన్‌లో ఉండే పెద్దాసుపత్రి 2012లో ఇక్కడికే, రూట్ వన్ పక్కకి తరలి వచ్చింది కాబట్టి కుటుంబాలు పెరగడానికి ఊరు అన్ని విధాలా అనుకూలం. అంతకుముందు దీని కీర్తి అంతా పాలవల్ల వచ్చింది. వాకర్-గోర్డన్ వాళ్ల డెయిరీ ఫారంలో 1930లో రోటోలాక్టర్ అనే యంత్రం పెట్టారు. ఒక పెద్ద గుండ్రటి వేదిక మీదికి ఆవులు ఒక్కొక్కటే ఎక్కుతాయి, ఒకేసారి 50 దాకా. వేదిక నెమ్మదిగా తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి పాలు పితకడం అయిపోతుంది, ఆవు దిగిపోతుంది, దాని చోటులోకి ఇంకోటి వస్తుంది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఈ వింతను చూపించినప్పుడే ఎల్సీ అనే ఆవు బోర్డెన్ పాల కంపెనీకి ముఖచిత్రమై దేశమంతటా పేరు తెచ్చుకుంది. రెండేళ్లకే, 1941లో, తనను తీసుకెళ్తున్న లారీకి ప్రమాదం జరిగి చనిపోయింది. ఆమె పేర సమాధిరాయి ఈ ఊళ్లోనే ఉంది. రోటోలాక్టర్ 1971లో ఫారంతోపాటే మూతపడిందని చరిత్రకారులంటారు. ఈ ప్రాంతపు కారు లోన్లను చూసినవాడికి ఆ మాట నమ్మబుద్ధి కాదు.

కుటుంబం పెరుగుతున్న. ప్రకరణానికంతటికీ ఇది ప్రాణపదం. విక్రయం కార్యం, కుటుంబవృద్ధి కారణం అని కర్త ప్రతిజ్ఞ. దీన్ని పరీక్షిద్దాం. సెడాన్‌కు సీట్లు అయిదు. 2002 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మే కార్లలో చైల్డ్ సీటు బిగించే కొక్కేలు వెనక సీటులో కనీసం రెండు చోట్ల ఉండాలని సమాఖ్య ప్రభుత్వ నియమం. న్యూజెర్సీ చట్టం 2015లో ఇంకా బిగిసింది. రెండేళ్లూ 30 పౌండ్లూ దాటని బిడ్డ వెనక్కి తిరిగి కూర్చోవాలంది. ఎనిమిదేళ్లో 57 అంగుళాల ఎత్తో వచ్చేదాకా ఏదో ఒక ప్రత్యేకాసనం తప్పదంది. అంటే ఈ శకటంలో ఇద్దరు బిడ్డలకు చోటు చట్టమే చూపించింది. మొదటి బిడ్డకే 'బండి చాలదు' అనడం అసిద్ధహేతువు. పైగా బండి వయసు ఎనిమిది నెలలు, కాన్పుకు తొమ్మిది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. పుట్టబోయే వస్తువుకు పుట్టకముందు ఉండే లేమిని ప్రాగభావమంటామనీ, దానికి మొదలు లేదు గాని అంతం ఉందనీ ఆయన పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు చెప్పాడు. షోరూంలో సంతకం పెట్టిన రోజున ఈ బిడ్డ ప్రాగభావం దాదాపు అంతమైపోయి ఉండాలి, లేదా ఆ అంతం కనుచూపు మేరలోనైనా ఉండాలి. తోలు సీటు రంగు గురించి మూడు వారాలు ఆలోచించిన దంపతులకు ఈ ఒక్క సంగతీ తోచలేదంటే ఒప్పుకోవడం కష్టం.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. కుటుంబం పెరగడమంటే బిడ్డ ఒక్కటే కాదయ్యా, పురుటికి అమ్మానాన్నలు రావద్దా అంటాడు. ఇది బలమైన ఆక్షేపణ. విజిటర్ వీసా మీద వచ్చే పెద్దవాళ్లకు సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. మనవాళ్లు దాన్ని చక్కగా వాడుకుంటారు. ముందు అమ్మాయి తల్లిదండ్రులు, వాళ్లు విమానం ఎక్కాక అబ్బాయి తల్లిదండ్రులు. వియ్యంకుల జంటలు రెండూ ఒకే కప్పు కింద ఉండరాదన్న లోకజ్ఞానం దీనికి మూలం. కాబట్టి ఏ సమయంలో లెక్క తీసినా భార్యాభర్తలు, బిడ్డ, ఒక జత పెద్దలు, వెరసి అయిదుగురే. కాగితం మీద బండి సరిపోయింది. నిజంలో మాత్రం వెనక సీటు మధ్యలో బిడ్డ ఆసనం, దానికి అటూ ఇటూ మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, మధుమేహం తాతయ్య. వాళ్లను ఇరికించి బ్రిడ్జివాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లడం పాపమే. ఇక్కడ పూర్వపక్షికి సగం మార్కు ఇస్తున్నాం. మిగతా సగం ఎందుకివ్వమంటే, ఆ పెద్దలను ఎక్కించడానికి టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ అని ఏడుగురూ ఎనిమిదిమందీ పట్టే మినీవ్యాన్లు ఎన్నాళ్ల నుంచో ఉన్నాయి. 'మినీవ్యాన్ కొంటున్నాం కనుక అమ్ముతున్నాం' అన్న పాఠం ఎందుకు కనబడదు? ఆ మాట రాస్తే శుభ సందర్భపు తళుకు పోతుంది గనక.

ఒకే ఓనరు. ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు ఆగక తప్పదు. మన వాఙ్మయంలో చేతులు మారిన బండ్లన్నిటికీ పెద్దదిక్కు పుష్పకం. విశ్వకర్మ తయారీ, మొదటి రిజిస్ట్రేషన్ బ్రహ్మ పేర. తపస్సుకు మెచ్చి బ్రహ్మ దాన్ని కుబేరుడికిచ్చాడు. రావణుడు అన్నగారిని ఓడించి లాక్కున్నాడు. అక్కడితో టైటిల్ మైలపడింది. సుందరకాండలో హనుమంతుడు రాత్రిపూట సీతను వెతుకుతూ దాన్ని చూసి, వచ్చిన పని కాసేపు మరిచినంతగా దాని సొగసులు పరికించాడు. షోరూంల ముందు నిలబడే మనవాళ్లను ఏమీ అనలేం. యుద్ధం ముగిశాక విభీషణుడు దాన్ని రాముడి ముందుకు తెచ్చాడు. రామలక్ష్మణులు, సీత, సుగ్రీవుడూ వానరులూ, విభీషణుడూ ఆయన మంత్రులూ అందరూ ఎక్కారు. కిష్కింధ మీదుగా పోతుంటే సీత అడిగిందని ఆపి, తారనూ తక్కిన వానర స్త్రీలనూ ఎక్కించుకున్నారు. అంటే ఆ కుటుంబం ప్రయాణం మధ్యలో, గాలిలో పెరిగింది. అయినా చోటు చాలింది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి జాగా మిగులుతుందని పుష్పకం గురించి మన పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు. అయోధ్య పొలిమేరలోని నందిగ్రామంలో దిగగానే రాముడు దాన్ని అసలు యజమాని కుబేరుడి దగ్గరికి పొమ్మన్నాడు. అమ్మలేదు, ప్రకటన ఇవ్వలేదు, బరువెక్కిన మనసు గురించి ఒక్క శ్లోకమూ ఖర్చు చేయలేదు. ఉత్తరకాండలో కుబేరుడు మళ్లీ దాన్ని రాముడికే పంపితే, పూజించి, తలచినప్పుడు రమ్మని చెప్పాడు. ఆ తర్వాత రాముడి కుటుంబం నిజంగానే పెరిగింది, కవలలు. కాని నిండు గర్భిణిని అడవికి చేర్చింది లక్ష్మణుడు తోడువెళ్లిన రథం. తలిస్తే వచ్చి వాలే విమానం ఉండగా ఆ రోజు దాన్ని ఎవరూ తలవలేదు. కుటుంబం పేరు చెప్పి బండిని పొగిడేవాళ్లు ఈ ఘట్టం మరోసారి చదువుకోవాలి. పుష్పకానికి కనీసం నలుగురు ఓనర్లని తేలింది. మూలకారుడి బండికి ఒక్కడే. మన ప్రకరణంలోకి తిరిగివద్దాం.

లగ్జరీ. ఆలంకారికులు దీన్ని ఉదాత్తంలో చేరుస్తారేమో గాని, న్యూజెర్సీ సర్కారు అంకెల్లోనే చెప్పింది. 2006 నుంచి 45,000 డాలర్లూ ఆపైన ధర పలికే కొత్త బండికి, అలాగే గ్యాలనుకు 19 మైళ్లయినా ఇవ్వని బండికి, అమ్మకపు పన్ను కాక 0.4 శాతం అదనం. అమ్మకపు పన్ను 2018 నుంచి 6.625 శాతం. బండి 60,000 అనుకుందాం. పన్ను 3,975, లగ్జరీ అన్న బిరుదుకు 240. ఎనిమిది నెలలకు ఇది చేతులు మారితే కొన్నవాడు తన ధర మీద మళ్లీ 6.625 శాతం కట్టాలి. ఒకే బండి, ఏడాది తిరక్కుండా ట్రెంటన్ ఖజానాకు రెండు మొక్కులు. ఇంకో సంగతుంది. పాత బండి డీలరుకే ఇచ్చి పెద్దది తీసుకుంటే ఈ రాష్ట్రంలో తేడా మీదే పన్ను. 45,000కు డీలరు తీసుకుంటే 2,981 డాలర్ల పన్ను ఆదా. నిజంగా పెద్ద బండి కోసమే అయితే మొదట చూడాల్సిన దారి అది. డీలర్లు మరీ తక్కువకు అడుగుతారు, బయట అమ్మితే ఎక్కువ వస్తుంది కదా అంటారా? కొన్నిసార్లు నిజమే. కాని అలా వచ్చే అదనం ఆ 2,981ని దాటాలి, అపరిచితుల టెస్ట్ డ్రైవుల విసుగును దాటాలి. ఇన్ని లెక్కలు దాటి కూడా బయటే అమ్మాలని పట్టుబట్టేవాడికి కావలసింది చాలాసార్లు పెద్ద బండి కాదు, బండే లేకపోవడం. పొగను చూసి నిప్పును ఊహించమని నేర్పిన శాస్త్రం మనది. ఇక్కడి పొగ కుటుంబం, నిప్పు నెలసరి వాయిదా.

క్లీన్ టైటిల్. ప్రమాదంలో నుజ్జయిన బండి కాదని వ్యవహారార్థం. కాని అప్పు తీరేదాకా ఈ రాష్ట్రంలో టైటిల్ కాగితం అప్పిచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది. ఎనిమిది నెలల లోన్ మీద టైటిల్ ఎంత శుభ్రంగా ఉన్నా అది చూపించడానికి కర్త చేతిలో లేదు.

గరాజులోనే ఉంచినది. ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్, ఫెజెంట్ హాలో. ఈ ఊరి అపార్ట్‌మెంట్లకు నక్కల, వేటగాళ్ల, అడవికోళ్ల పేర్లున్నాయి; ఆ మృగపక్షుల్లాగే కార్లు కూడా చాలావరకు ఆరుబయటే ఉంటాయి. పగలంతా బండి ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌లో ఎండకు ఎండుతుంది, ఓనరు రైల్లో న్యూయార్క్ వెళ్తాడు. దీన్ని గరాజు అనడం కవిసమయం.

లేడీ డ్రివెన్. భార్యకు దీనిలో దక్కిన పాత్ర మైలేజీ తక్కువని చెప్పే సాక్షి. ఆమె కూడా రోజూ ఉద్యోగానికి వెళ్తుందనీ, లోన్‌లో సగం ఆమె జీతమనీ, మొదటి నుంచీ ఈ బండి వద్దన్నది బహుశా ఆమేననీ మూలంలో చోటు లేదు. ఆమె పేరు ఒక్కచోటే వస్తుంది, అదీ బండికి విశేషణంగా.

బరువెక్కిన మనసుతో. శోకం స్థాయి, కరుణం రసం. అయితే ఈ కరుణకు ఆలంబనం ఏది? ఆనందవర్ధనుడు ఈ రహస్యం తొమ్మిదో శతాబ్దంలోనే విప్పాడు. వాచ్యార్థాన్ని దాటి, మాట అయిపోయాక మోగే అర్థం ధ్వని. కుటుంబం పెరిగిందని వాచ్యం. ఉద్యోగం పోయిందని కొన్నిసార్లు ధ్వని. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది దొరకబుచ్చుకోవడానికి 60 రోజుల వరకు గడువుంది, ఆ నియమం 2017 జనవరిలో వచ్చింది. ఆ 60 రోజుల్లో ఇల్లు, లీజు, బిడ్డ బడి, అన్నిటికంటే ముందు కదిలించగలిగింది కారు. కడుపుతో ఉన్న భార్యను పక్కన పెట్టుకుని అతను ఆ ప్రకటన రాస్తుంటే, 'పెరుగుతున్న' అన్న మాట అబద్ధం కూడా కాదు. ఇలాంటి మూలానికి ఎగతాళి వ్యాఖ్య రాయడం తగదని ఎవరైనా అంటే వ్యాఖ్యాత తల వంచుతాడు. కాని ఎగతాళి అతని మీద కాదు. వీకెండ్ పార్టీలో 'లేఆఫ్ అయింది, బండి అమ్మేస్తున్నా' అని ఒక మనిషి చెప్పగానే గది ఎందుకు చల్లబడుతుంది? జీతం పెరిగిన వార్తకు అరడజను ఫోన్లు వస్తాయి, పోయిన వార్తకు మెసేజులు కూడా ఆచితూచి వస్తాయి. అదే మనుషులు 'ఫ్యామిలీ పెరుగుతోంది, అందుకని' అంటే కేకు కోస్తారు. కష్టాన్ని శుభవార్తగా మార్చి చెప్పక తప్పని పరిస్థితి కల్పించింది మనమే. మూలం ఇంత ముస్తాబుతో ఎందుకుందంటే, చదివేవాళ్లు ఇంకోలా చదవరు గనక.

ఎవరి డబ్బు వాళ్లది, ఎవరి బండి వాళ్లది, నీకెందుకయ్యా అని మరో ఆక్షేపణ. డబ్బు గురించి మాకు పేచీ లేదు. మృచ్ఛకటికం ఆరో అంకంలో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు మట్టిబండి వద్దని, పొరుగింటి పిల్లవాడిది లాంటి బంగారుబండి కావాలని ఏడుస్తాడు. శూద్రకుడు ఆ ఏడుపును పసివాడి నోట పెట్టాడు. మనం ముప్ఫై అయిదేళ్ల ఆర్కిటెక్టు నోట పెట్టుకున్నాం. వసంతసేన తన నగలు ఒలిచి ఆ మట్టిబండి నింపింది. ఇక్కడ ఆ పని బ్యాంకు వడ్డీకి చేస్తుంది. ఎనిమిది నెలలు తిరక్కుండా నగలు వెనక్కి అడుగుతుంది.

సీరియస్ బయ్యర్స్ మాత్రమే. కర్తకు ధర మీద పట్టుదల ఎంత ఉందో అప్పు మీద బ్యాంకుకు అంత ఉంది. కొనదలచినవాడు ఇంజను చప్పుడు వినే ముందు పేఆఫ్ లెటర్ అడగాలి. మిగిలిన అప్పు అడిగిన ధర కంటే ఎక్కువుంటే, తక్కువ బేరాలు వద్దన్న మాటకు అసలు కారణం దొరుకుతుంది.

పాఠాంతరం. "లోన్ మోయలేకపోతున్నాం. సెడాన్ అమ్ముతున్నాం. ధర మాట్లాడుకుందాం." అన్వయం సులభం, దోషం లేదు, పూర్వపక్షానికి తావు లేదు. కాని ఇంతవరకు ఏ ప్రతిలోనూ దొరకలేదు.